ఒక్క దీపమేగా

ఫిబ్రవరి 2, ఆదివారం

గెలిచాను. ఈ ఇంట్లో నేను గెలిచే రోజులు తక్కువ కాబట్టి ముందు ఆ సంగతి రాసుకోవాలి. బుడ్డది తన ఫోను తానే తెచ్చి నా చేతిలో పెట్టింది. అరవలేదు, తలుపు ధడాలున వేసుకోలేదు, తిండి మానేస్తానని బెదిరించలేదు. పరీక్షలు అయ్యేదాకా ముట్టుకోనంది. రెండేళ్ళుగా ఆ కోటల ఆట మా ముగ్గురి మధ్యా నాలుగో మనిషిలా మకాం వేసి కూర్చుంది. కంచం ముందు అదే, మంచం మీద అదే, స్నానాల గదిలో కూడా అదే. ఇవాళ దాన్ని మెడపట్టి గెంటేశాను.

ఒకే ఒక్క షరతు. ఆ ఆటలో దాని కోట మీద రోజూ దీపం వెలిగించాలట. ఒక్కరోజు మరిచిపోయినా ఆరిపోతుందట. ఆరితే రెండేళ్ళ కష్టం గంగపాలు.

"రోజుకోసారి నొక్కితే చాలమ్మా. ఒక్క దీపం. ఇంకేం ముట్టుకోకు," అంది.

ఒక్క దీపమేగా, సరేనన్నాను. ఆట నా ఫోనులో ఎక్కించి ఇచ్చింది. దాని ఫోను అటక మీద దుప్పట్ల వెనక దాచాను. ఆటలో దాని పేరు నల్లకాకి. ఇన్ని పేర్లుండగా కాకి ఏమిటో.

ఆయనకి దీపం సంగతి చెప్పలేదు. చెబితే, తాగుడు మానిపించి రోజుకో చుక్క పోస్తానన్నట్టుంది అంటారు. డిపోలో డ్రైవర్లకి డ్యూటీలు వేసే మనిషి. ఆయనకి లోకంలో ప్రతిదీ తాగుడులాగే కనిపిస్తుంది.

ఫిబ్రవరి 3

దీపం వెలిగించాను. నిమిషం పట్టలేదు. దీనికా ఇంత రాద్ధాంతం!

మా కళ్ళజోళ్ళ షాపుకి ఒకావిడ ఏడేళ్ళ పిల్లాణ్ణి తీసుకొచ్చింది. కళ్ళు పరీక్ష చేస్తే రెండింటికీ పవరుంది. చేతికి ఫోను ఇచ్చిందెవరని అడిగాను. వంట చేసుకునేటప్పుడు ఇస్తానంది. మీ వంట కోసం వాడి కళ్ళు పొయ్యిలో పెట్టారా అన్నాను. ఇరవై నిమిషాలకోసారి దూరంగా చూపించాలన్నాను, పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారన్నాను, గోడ మీద నేను రాయించి పెట్టిన 'మీ పిల్లల కళ్ళు మీ చేతుల్లో' అనే బోర్డు పైకి చదివించాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడుగానీ నాకు తృప్తి కలగలేదు.

ఫిబ్రవరి 5

దీపం. పక్కనే కొమ్మకి ఒక మూట వేలాడుతుంటే నొక్కాను. రత్నాలు రాలాయి. ఊరికే వచ్చేవాటిని వదిలేయడం దేనికి? నాకా ఏమన్నా, పిల్లదానికే కదా.

ఫిబ్రవరి 7

ఆ ఆటలో ఇదొక్కతే ఉందనుకున్నాను. ఒక దండు ఉంది. తుంటరి దండట. గద్ద అని ఒకడు నాయకుడు, కింద ఉడుము, పిడుగు, నిమ్మకాయ. అందరూ దాని క్లాసు పిల్లలే. ఇవాళ గద్ద నుంచి సందేశం వచ్చింది: "నల్లకాకీ, నీ వైపు గోడ కూలి ఉన్నది. దయచేసి కట్టుము."

పలకరిస్తే జవాబివ్వకపోవడం మర్యాద కాదు. కడతానని చెప్పాను. చెప్పాక కట్టకపోవడం అంతకన్నా మర్యాద కాదు.

అయినా పరీక్షలు నెత్తిమీద పెట్టుకుని వీళ్ళకి ఇదేం పని? వీళ్ళ తల్లిదండ్రులు ఏం చేస్తున్నట్టు? మా ఇంట్లో అయితే ఫోను అటకెక్కింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆదివారాలు యుద్ధం ఉంటుందట. నేను వెళ్ళకపోతే దండు మొత్తం ఓడిపోతుందని గద్ద రాశాడు. పరాయి పిల్లల్ని నేనెందుకు నొప్పించాలి. ఆయన పేపరు చదువుతున్నారు, బుడ్డది లెక్కలు చేసుకుంటోంది, నేను వంటింట్లో ఉన్నాను. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

పిల్లలు పిల్లల్లా మాట్లాడాలి కాబట్టి నేను కూడా "వచ్చేశా బ్రో" అని రాశాను. ఎవరికీ అనుమానం రాలేదు.

నిజం చెప్పాలంటే ఆ పిల్లల మీద నాకు మంచి అభిప్రాయం కలిగింది. నిమ్మకాయ మధ్యలో "పొయ్యి మీద పాలు పెట్టాను బ్రో, పొంగుతాయి, రెండు నిమిషాల్లో వస్తా" అని వెళ్ళాడు. చూశావా, ఆ వయసుకే ఇంట్లో సాయం. మా బుడ్డదానికి పాలు పొంగుతాయన్న సంగతైనా తెలుసో లేదో. ఉడుముకి నడుం పట్టేసిందట, ఎక్కువసేపు కూర్చోలేనన్నాడు. పసివాడికి నడుం నొప్పేమిటి! ఈ ఆటల వల్లే. పిడుగు వాక్యం చివర చుక్క పెట్టకుండా ఒక్క ముక్క రాయడు. మంచి బడి.

గెలిచాం. గెలిచారు.

ఫిబ్రవరి 11

బుడ్డది తలనొప్పి అంటోంది. నాలుగైదు రోజులుగా ఉందట, బడి నుంచి వచ్చేసరికి కణతలు లాగుతున్నాయట. నేను ముందే అనుకున్నాను. అలవాటు మానిపించినప్పుడు ఒళ్ళు ఇలాగే మొరాయిస్తుంది. ఫోను లేక వచ్చిన నొప్పి. ఆయనకి చెబితే, డ్రైవర్లకీ అంతే, మానేసిన కొత్తలో చేతులు వణుకుతాయన్నారు. ఇద్దరం తల పంకించాం. మేమిద్దరం ఒక మాట మీద ఉండి చాలా రోజులైంది.

కాస్త ఓర్చుకోమని చెప్పాను. సరేనంది.

ఫిబ్రవరి 13

గోడ పూర్తయింది. బురుజు కూడా.

ఫిబ్రవరి 16, ఆదివారం

బుడ్డది షాపుకి వచ్చింది. ఆదివారం ఒంటిపూటే తెరుస్తాం, రద్దీ ఉండదు. బళ్ళో బోర్డు మీద అక్షరాలు అలికినట్టున్నాయమ్మా, ఒకసారి చూస్తావా అంది. సరిగ్గా అప్పుడే పక్క దండువాళ్ళు మా ఉత్తరం గోడకి నిచ్చెనలు వేశారు. కుర్చీలో కూర్చో, చార్టు చదువు అన్నాను, గుమ్మంలోనే నిలబడి.

గడగడా చదివేసింది. పైనుంచి కింది దాకా, ఆఖరి చీమతలకాయ అక్షరాలతో సహా. ఎక్కడా తడబడలేదు. కుడి కన్ను, ఎడమ కన్ను, రెండూ అంతే. కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయని చెప్పి పంపించాను.

నాకు తెలుసు ఇదెక్కడి నుంచి వస్తోందో. కళ్ళు బాగాలేవంటే పుస్తకం తప్పుతుంది, జాలిపడి అమ్మ అటక ఎక్కుతుంది. నేను ఎక్కను. నేను అంత తేలిగ్గా పడే రకం కాదు.

నిచ్చెనలు తగలబెట్టాం.

ఫిబ్రవరి 19

మా షాపులో కళ్ళు పరీక్ష చేసే గది చీకటిగా ఉంటుంది. చీకటిగా ఉండాలి, అప్పుడే చార్టు మీది వెలుగు తెలుస్తుంది. తలుపు వేస్తే బయటికి చప్పుడు కూడా రాదు. ఇన్నేళ్ళలో ఆ గది ఇంత ప్రశాంతంగా ఉంటుందని గమనించనేలేదు. మధ్యాహ్నం టీ అక్కడే తాగాను. కౌంటర్లో అమ్మాయి ఎవరో వచ్చారని తలుపు తడితే, లెన్సులు తుడుస్తున్నానని చెప్పాను. పెట్టె నిండా లెన్సులున్నాయి, తుడవాల్సినవే.

నన్ను సేనాపతిని చేశారు. గద్ద తర్వాత నేనే. ఈ ఇంట్లో, ఈ షాపులో, ఇన్నేళ్ళలో నన్ను ఎవరైనా పిలిచి ఒక మెట్టు ఎక్కించారా?

ఫిబ్రవరి 22

కౌంటర్లో అమ్మాయి చెప్పింది. బుడ్డది బడి నుంచి సరాసరి షాపుకి వచ్చిందట. లోపల ఎవరికో పరీక్ష జరుగుతోందనుకుని బయటి కుర్చీలో చాలాసేపు కూర్చుందట, తర్వాత వెళ్ళిపోయిందట. ఎందుకొచ్చావని ఇంటికొచ్చి అడిగితే, ఊరికే అంది.

ఊరికే వచ్చినట్టుంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

మాకు రాళ్ళు విసిరే యంత్రం వచ్చింది!

ఫిబ్రవరి 26

బడి నుంచి క్లాసు టీచరు ఫోను చేశాడు. ఎనిమిదో తేదీన తల్లిదండ్రుల సమావేశం. పిల్లల్లో ఆటల పిచ్చి పెచ్చుమీరిపోతోంది కాబట్టి, తెరలూ పిల్లల కళ్ళూ అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నాడు. మన బడి తల్లిదండ్రుల్లో ఈ సంగతి మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదండీ అన్నాడు. ఒప్పుకున్నాను. ఎవరో ఒకరు చెప్పాలి కదా.

సాయంత్రం ఉపన్యాసం రాసుకుందామని కూర్చున్నాను. యంత్రానికి తాళ్ళు బిగించడంతో సరిపోయింది.

మార్చి 3

బుడ్డదానికి ఇవాళ లెక్కల పరీక్ష. పై ఏడాది లెక్కల సెక్షన్లో సీటు ఈ పేపరు మీదే ఆధారపడి ఉంది. అది మూడో ఏట నుంచే లెన్సుల పెట్టెలో అంకెలు వరస పెట్టేది. దానికి దిగులేమీ లేదు.

మధ్యాహ్నం వచ్చి, చెప్పులు విప్పకుండా గోడకి ఆనుకుని కూర్చుంది. రెండు పెద్ద లెక్కల్లో అంకెలు తప్పు అచ్చయ్యాయట. టీచరు వాటిని బోర్డు మీద సరిచేసి రాశాడట. ఇది ఆఖరి వరసలో కూర్చుంది. మూడుని ఎనిమిది అనుకుంది. రెండు లెక్కలూ పోయాయి. బయటికొచ్చాక స్నేహితురాలి కాగితం చూస్తేగానీ తెలియలేదట.

దగ్గరికి తీసుకున్నాను. ఏడ్చింది. బోర్డు కనబడకపోతే లేచి అడగొచ్చు కదే అన్నాను. కనబడిందనే అనుకున్నానమ్మా అంది. కంగారులో అలా జరుగుతుంది, పిల్లలకి.

మార్చి 5

ఇది రాయకూడదనుకున్నాను. రాయకుండా నిద్రపోలేను కూడా.

సీటు పోయినట్టేనని ఆయనకి తెలిసింది. స్టూలు వేసుకుని అటక మీంచి బుడ్డదాని ఫోను దించారు. ఆన్ చేసి ఆట తెరిచారు. ఆయన రోజూ అంతమంది డ్రైవర్ల చేత నిజం చెప్పిస్తారు, ఎక్కడ చూడాలో తెలుసు. తెర మీద రాసి ఉంది. నల్లకాకి, సేనాపతి. ఆఖరిసారి ఆడింది ఇవాళే.

"అటకెక్కి మరీ ఆడుతున్నావన్నమాట," అన్నారు.

"నేను ముట్టుకోలేదు నాన్నా."

"మరి ఎవరు ఆడినట్టు? మీ అమ్మా?"

వెటకారానికే అన్నారు. నేను అక్కడే ఉన్నాను, గరిటె చేతిలో ఉంది. బుడ్డది నా వైపు చూసింది. అంతే, చూసింది, చూసి తల దించుకుంది. నేను చెబుదామనే నోరు తెరిచాను. పొయ్యి మీద కూర అడుగంటుతున్న వాసన వచ్చింది. వెళ్ళి మంట తగ్గించాను. తగ్గించి వచ్చేసరికి ఆయన అబద్ధాల గురించి మొదలుపెట్టారు. మధ్యలో అడ్డుపడితే ఆయనకి నచ్చదు. తర్వాత వేళ మించిపోయింది.

సీటు పోవడం కన్నా అబద్ధం ఆడటమే బాధగా ఉందన్నారు ఆయన. అది అలాగే నిలబడి అంతా వింది. నా పేరు ఎత్తలేదు.

కూర మాడలేదు నిజానికి.

మార్చి 6

రేపు చెబుతాను.

మార్చి 7

సమావేశం అయిపోతే మనసు తేలికపడుతుంది, అప్పుడు స్థిమితంగా చెప్పవచ్చు. ఇప్పుడు చెబితే ఆయన రేపు బడికి రారు, నలుగురిలో పలచనవుతాం. పిల్లదానికే నామర్దా.

దీపం వెలిగించాను. అదొక్కటే.

అదీ, గోడకి సున్నం.

మార్చి 8, శనివారం

వరసగా రాస్తాను.

హాలు నిండిపోయింది. పిల్లలు వెనక వరసల్లో, పెద్దవాళ్ళు ముందు. ఆయన మూడో వరసలో కూర్చున్నారు, చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చారు. క్లాసు టీచరు నా ఫోను తీసుకుని తీగ తగిలించి పెద్ద తెరకి కలిపాడు, కంటి బొమ్మలు చూపించాలి కదా. నేను మొదలుపెట్టాను. బాగానే మాట్లాడాను. కంటి లోపల కండరం ఎలా అలిసిపోతుందో చెప్పాను. ఒక తండ్రి నడుముకి వెడల్పాటి బెల్టు కట్టుకుని వంకరగా కూర్చుని శ్రద్ధగా తలూపుతున్నాడు. ఒకావిడ రాసుకుంటోంది కూడా. పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారని అన్నాను. చప్పట్లు కొట్టారు.

చప్పట్లలో బూర మోగింది. యుద్ధం బూర. ఆదివారం రావాల్సిన పక్క దండువాళ్ళు ఒకరోజు ముందే వచ్చిపడ్డారు. కంటి బొమ్మ పోయి, తెర నిండా, జానెడు జానెడు ఎర్రటి అక్షరాలు వచ్చాయి: 'సేనాపతి నల్లకాకీ! మీ కోట మీద దాడి జరుగుతోంది!'

క్లాసు టీచరు చటుక్కున మైకు అందుకున్నాడు. మంచివాడు, నా పరువు కాపాడాలనే చూశాడు.

"చూశారా," అన్నాడు, "ఆఖరికి అమ్మ ఫోన్‌ని కూడా వదలడం లేదు మన పిల్లలు. పాపం మేడంగారు ఎంత బాధపడుతున్నారో."

అందరూ అయ్యో అన్నారు. తలలన్నీ వెనక్కి తిరిగాయి, బుడ్డది కూర్చున్న వైపు. ఆయన కూడా తిరిగారు. నాకు దారి దొరికింది. ఏమీ అనక్కర్లేదు, తల వంచుకుని నిలబడితే చాలు. కూర వాసన కూడా అక్కర్లేదు.

అప్పుడు దాన్ని చూశాను. అందరూ తనని ఎందుకు చూస్తున్నారో దానికి తెలియలేదు. తెర వైపు చూస్తోంది. మెడ ముందుకు సాచి, కళ్ళు చిట్లించి, ఎడమ కన్ను ఇంకాస్త మూసి. జానెడు అక్షరాలు. పక్కపిల్లని ఏమని ఉందని అడుగుతోంది.

ఆ చిట్లించడం నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా నా షాపు గుమ్మంలో ఎంతమంది పిల్లల మొహాల్లో చూసి, కుర్చీ దాకా రాకముందే పవరెంతో చెప్పేదాన్ని! వాళ్ళ తల్లుల్ని ఏడిపించాను. నా పిల్ల నెలరోజులుగా నా ఎదురుగా కళ్ళు చిట్లిస్తుంటే, నేను తల పైకెత్తి చూస్తే కదా. నాకు నా మీద అసహ్యం వేసింది.

మైకు లాక్కున్నాను.

"ఆ కోట నాది. ఆడుతున్నది నేను," అన్నాను. "మా అమ్మాయి నెల నుంచి ఫోను ముట్టుకోలేదు. మొన్న వాళ్ళ నాన్న అడిగితే నేను నోరు మూసుకున్నాను. అది తిట్లు తింది."

అంతలో ముందు వరసలో ఇంకో బూర మోగింది. బెల్టాయన చొక్కా జేబులోంచి. ఆయన దగ్గినట్టు చేసి జేబు నొక్కుకున్నాడు. కుడివైపు ఇంకొకటి. రాసుకుంటున్నావిడ సంచీలో ఇంకొకటి. ఆవిడ సంచీ మీద కూర్చుంది, అయినా మోగుతూనే ఉంది. ఎవరూ ఎవరి వంకా చూడలేదు. అందరూ సీలింగు ఫ్యాన్లు చూశారు. ఆఖరిది నా పక్కనే మోగింది, టీచరు ప్యాంటు జేబులో.

పిల్లలు మాత్రం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. తర్వాత వెనక వరసల్లోంచి నవ్వు మొదలైంది. మొదట ఒకటి, ఆ తర్వాత హాలంతా.

"అందరూ క్రమశిక్షణతో తేనీటికి వెళ్ళగలరని మనవి," అన్నాడు టీచరు. ఆ వాక్యం విన్నాక గద్ద ఎవరో నాకు వేరే చెప్పనక్కర్లేదు. వాళ్ళబ్బాయి కూడా బుడ్డదాని క్లాసే కదా, ఆ కోట దీపం ఎవరో ఒకరు వెలిగించాలి.

టీ దగ్గర టీచరు నా పక్కకి వస్తే బుడ్డదాని చూపు సంగతి చెప్పాను. ఎదురుగా ఉన్న కిటికీతో మాట్లాడుతున్నట్టు, బోర్డు సరిగా కనబడకపోతే అది పిల్ల తప్పు కాదని, బుధవారం ఆ రెండు లెక్కలకీ వేరే పేపరు ఇస్తానని చెప్పాడు. నేను కూడా కిటికీకే థాంక్స్ చెప్పాను.

మా ఆయన ఇంటికొచ్చి బుడ్డదాని గదిలోకి వెళ్ళి చాలాసేపు కూర్చున్నారు. బయటికొచ్చేసరికి ముక్కు ఎర్రబడి ఉంది. నన్ను తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"సేనాపతంటే పెద్ద హోదానా?" అని అడిగారు కాసేపటికి.

"నాయకుడి తర్వాత నేనే," అన్నాను.

"ఊఁ," అని పేపరు తీశారు.

మార్చి 9, ఆదివారం

షాపుకి సెలవిచ్చి, షట్టరు సగమే ఎత్తి, నేనూ బుడ్డదీ లోపలికెళ్ళాం. కుర్చీలో కూర్చోబెట్టాను. ఈసారి గుమ్మంలో కాదు, ఎదురుగా స్టూలు వేసుకుని. చార్టు మీద దీపం వేశాను. చదవడం మొదలుపెట్టింది, గడగడా, కింది దాకా.

చార్టు దీపం ఆర్పేశాను. గది అంతా చీకటి. "ఇప్పుడు చదువు," అన్నాను.

మళ్ళీ చదివింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

"అది నాకు నోటికొచ్చు కదమ్మా," అంది. "చిన్నప్పటి నుంచి ఇక్కడే కూర్చునేదాన్ని. రోజంతా అందరూ అదే చదివేవాళ్ళు. నువ్వు చదవమన్నావు, చదివాను. కనబడుతోందా అని అడగలేదుగా."

అడగలేదు. ఊళ్ళో పిల్లలందరినీ అడిగాను.

పరీక్ష ఫ్రేము దాని ముక్కు మీద పెట్టాను. ఆ బరువైన గుండ్రటి ఫ్రేముతో చిన్నప్పుడు ఆడుకునేది, జారి గెడ్డం మీదికి వచ్చేది. ఇప్పుడు సరిగ్గా సరిపోయింది. స్క్రూ బిగిస్తూ, మొన్న నాన్న అరుస్తున్నప్పుడు నా పేరెందుకు చెప్పలేదే అని అడిగాను.

"నువ్వే చెప్తావనుకున్నా," అంది.

లెన్సు చేతిలోంచి జారింది. కిందపడలేదు, ఒళ్ళో పడింది. తుడిచి మళ్ళీ పెట్టాను. సారీ అన్నాను. అంతకంటే పెద్ద మాట ఏదీ తోచలేదు. అది ఫ్రేము కదలకుండా తల ఊపింది.

చార్టు పనికిరాదు. నోటికి రానిది ఏదైనా కావాలి. చుట్టూ చూస్తే గదిలో నా ఫోను తప్ప ఏమీ లేదు. అక్షరాలు వీలైనంత పెద్దవి చేసి, తీసుకెళ్ళి అటు గోడకి నిలబెట్టాను. ఆదివారం కదా, దండు నుంచి సందేశాలు వస్తూనే ఉన్నాయి.

మొదటి లెన్సు. "ఏదో పాకుతోంది," అంది. రెండోది. "న... నల్ల..." ఇంకొకటి మార్చాను. "నల్లకాకీ, ఎక్కడున్నావు. కోట పోతోంది." ఇంకో పావు కలిపాను. అప్పుడు ఆగకుండా చదివింది. "ఉడుము అంటున్నాడు, నిన్న మా నాన్న మీటింగు నుంచి వచ్చి నన్ను చాలా కోప్పడ్డాడు బ్రో. నడుం నొప్పి మాత్రం తగ్గలేదు." చదివి నవ్వింది. నవ్వితే ఫ్రేములో లెన్సులు గలగలలాడాయి. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ. చీకట్లో కనబడదులే అనుకున్నాను గానీ దానికి ఇప్పుడు లెన్సులున్నాయి.

మైనస్ ఒకటి ముప్పావు, రెండు కళ్ళూ. పక్క వీధిలో ఇంకో కళ్ళజోళ్ళ షాపుకెళ్ళి ఉంటే పది నిమిషాల పని.

"ఇంకోటొచ్చింది," అంది. "ఇవాళ దీపం వెలిగించలేదు. కాసేపట్లో ఆరిపోతుంది."

లేచాను. అలవాటు కొద్దీ వేలు కూడా చాచాను. గోడ దగ్గరికి వెళ్ళి ఆగి వెనక్కి తిరిగాను. రెండేళ్ళ కష్టం దానిది, నాది కాదు.

"వెలిగించనా?" అని అడిగాను.

బుడ్డది ఫ్రేము సర్దుకుని, గోడ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. ఈసారి కళ్ళు చిట్లించలేదు.

"వద్దులే అమ్మా," అంది. "నువ్వు పక్కకి జరుగు, కింది లైనుకి అడ్డొస్తున్నావు."